కాలువలో కెనూ, గట్టు మీద గుడారం

కెనూ అంటే రెండు కొసలూ సూదిగా ఉండి, పైన కప్పు లేకుండా, ఒకవైపే ఆకు ఉన్న తెడ్డుతో నడిచే సన్నటి పడవ. మాట కరీబియన్ దీవుల మూలవాసులది. కొలంబస్ కాలంలో స్పానిష్‌లోకి ఎక్కి, అక్కణ్ణుంచి లోకమంతా తిరిగింది. సుమారు 16 అడుగుల పొడవుంటే ఇద్దరు మనుషుల్నీ, గుడారాన్నీ, వంటసామానునీ మోస్తుంది. ముందు కూర్చున్నవాడు ఒళ్ళొంచి తెడ్డు వేస్తాడు, వెనక కూర్చున్నవాడు దారి నిర్ణయిస్తాడు. పడవ గట్టుకి గుద్దుకుంటే తప్పు మాత్రం ముందువాడిదే. ఆఫీసు ఉద్యోగాలు చేసినవాళ్ళకి ఈ విద్య తొందరగా పట్టుబడుతుంది.

పూర్వం పనున్నవాడే తెడ్డు పట్టేవాడు. సెలవున్నవాడు కూడా పట్టడం జాన్ మెక్‌గ్రెగర్ అనే లండన్ న్యాయవాది పుణ్యం. ఆయన 1865లో చిన్న పడవేసుకుని యూరప్ నదుల్లో తిరిగి, మరుసటి ఏడు దానిమీద పుస్తకం అచ్చువేయించాడు. అది చదివినవాళ్ళకి ఇంటిపట్టున ఉండబుద్ధి కాలేదు.

తెలుగునాట కెనూకి వరసకు అన్నగారు తాటిదోనె. తాటిచెట్టు మొదలు ఎలాగూ లావుగానే ఉంటుంది. మానుని నిలువునా చీల్చి లోపలి దూట తోడేస్తే దోనె తయారు. కొల్లేటి లంకల్లో దీని మీద పుట్టి పెరిగినవాళ్ళు నిలబడి గెడ వేస్తారు, కొత్తవాళ్ళు కూర్చునే మునుగుతారు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదని సామెత. దోనె విషయంలో ఒక్కదాని మీద పెట్టడమే గండం. అందుకే రెండు దోనెల్ని పక్కపక్కన జతకట్టి నడపడం మొదలుపెట్టారు. సామెతని కాదని నిటారుగా నిలబడ్డ వాహనం బహుశా ఇదొక్కటే.

గుడారం కట్టుకుని బయల్దేరేవాళ్ళకి అనువైన ప్రశాంత జలమార్గం కోనసీమ కాలువ. ఇంజనీరు కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేయించిన ధవళేశ్వరం ఆనకట్ట వల్ల పుట్టిన కాలువ ఇది. పొలం తడపడానికీ, పడవ నడవడానికీ రెండింటికీ తవ్వారు కాబట్టే దారిలో లాకులున్నాయి. బస్సులొచ్చి పడవలు పోయాయి గాని, లాకులు మిగిలాయి. వేసవిలో మరమ్మతులకని కాలువ కట్టేస్తారు, అప్పుడు వెళ్తే కెనూని ఈడ్చుకుపోవాలి. శ్రావణ భాద్రపదాల్లో గోదావరికి వరదలు. తుపాన్లు సద్దుమణిగిన మార్గశిర, పుష్య మాసాలే మేలు.

ప్రయాణం బొబ్బర్లంక దగ్గర మొదలవుతుంది. నీరు తనంతట తానే మోసుకుపోవడంతో మొదటి గంటలో ప్రతివాడికీ తాను పుట్టు పడవవాణ్ణనిపిస్తుంది. రెండో గంటలో గుర్రపుడెక్క తగులుతుంది. దీని సొంతూరు దక్షిణ అమెరికా, కెనూ అన్న మాట పుట్టిన దీవులకి పొరుగే. అంత దూరం నుంచి వచ్చిన డెక్కా, కెనూ ఆత్రేయపురం పొలిమేరలో ఒకదాన్నొకటి పట్టుకుని వదలవు. తర్వాత వచ్చే లొల్ల లాకుల పేరుని 'లొల్లి'గా విని తెలంగాణవాళ్ళు ఏదో గొడవ జరుగుతోందనుకుంటారు. నిజానికి దారి మొత్తం మీద నిశ్శబ్దంగా ఉండే చోటు అదే.

మిగతా చోట్ల నిశ్శబ్దం దొరకదు. ప్రతి రేవులోనూ బట్టలుతికే చేతులు ఆగుతాయి. "ఏ ఊరండీ? ఎవరి తాలూకండీ?" అని ఒడ్డు నుంచి కేక. జవాబు పూర్తయ్యేలోగా పడవ దాటిపోతుంది. మిగతా సగం తర్వాతి రేవువాళ్ళు అడుగుతారు. కెనూ వస్తోందన్న వార్త దానికంటే ముందే నడుస్తుంది. మూడో రేవుకి చేరేసరికి "హైదరాబాదు నుంచొచ్చింది మీరేనాండీ?" అంటారు.

సాయంత్రం గుడారం వేయడం అసలు ఘట్టం. కొబ్బరిచెట్టు కింద వేయకూడదు. ఎందుకో చెట్టు పైకి చూస్తే తెలుస్తుంది. కోనసీమలో కొబ్బరిచెట్టు కింద కాని చోటు వెతకడానికి చీకటిపడుతుంది. చివరికి ఓ గట్టు మీద మేకు దిగేవేళకి చుట్టూ పన్నెండుమంది పిల్లలు, రెండు మేకలు, భుజం మీద తువ్వాలుతో ఓ పెద్దాయన.

"ఇదేటండీ?"

"గుడారం అండీ. రాత్రికి ఇందులోనే పడుకుంటాం."

పెద్దాయన చాలాసేపు ఆలోచించి, గొంతు తగ్గించి, "ఇంట్లో ఏమన్నా గొడవాండీ?" అంటాడు. సరదాకి అని చెప్తే నమ్మడు. "మా అరుగు మీద పడుకోండి బాబూ, ఫ్యానేయిస్తాను" అంటాడు. మొహమాటపడితే ఆయన వెళ్ళిపోతాడు. అరగంటలో స్టీలు క్యారియర్ వస్తుంది: వేడన్నం, పనసపొట్టు కూర, గడ్డపెరుగు. అప్పటికి చిన్న గ్యాస్ పొయ్యి మీద నీళ్ళు కాగనే లేదు. నూడుల్సు పొట్లం మళ్ళీ సంచీలోకి పోతుంది.

తెల్లవారుజామున ధనుర్మాసపు మైకు. అది ఆగాక బాతులు. వరికోతలైన చేలవైపు వందల బాతుల్ని కాలువలోంచే తోలుకుపోతారు. వాటి మధ్య చిక్కుకున్న కెనూ మంద కదిలినప్పుడే కదులుతుంది. బాతులకాపరి పొడుగాటి కర్రతో దాన్ని కూడా మందలో ఒకటిగానే అదిలిస్తాడు.

లాకు దగ్గర కెనూని ఒడ్డెక్కించి, బోర్లించి, నెత్తిన పెట్టుకుని అవతలికి మోయాలి. అల్యూమినియందైతే 30 కిలోల పైమాట. ఇది శాస్త్రోక్తమైన పద్ధతి. కోనసీమ పద్ధతిలో నలుగురు కుర్రాళ్ళు "ఆయ్, మీరు తప్పుకోండి" అని దాన్ని ట్రాక్టరెక్కించి, లాకు దగ్గర దింపకుండా పక్క ఊరిదాకా తీసుకుపోతారు.

దారి చివర పి. గన్నవరం. అక్కడ కాలువ వైనతేయ నది మీదుగా వంతెనెక్కి దాటుతుంది. 1850ల నాటి పాత అక్విడెక్టు పక్కన 2000లో కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఆకలన్నవాడికి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన ఇల్లాలు ఆవిడ (1841–1909), ఆ పక్కనున్న లంకల గన్నవరంలోనే కాపురం. అలాంటావిడ ఊరి గట్టు మీద కూర్చుని నూడుల్సు ఉడకబెట్టుకోవడం దాదాపు అపచారం. చేసినవాళ్ళు లేరు. చేయబోయినవాళ్ళకి క్యారియర్ అందింది.

తిరుగు ప్రయాణం ఎదురీత కాబట్టి కెనూ కొబ్బరికాయల వ్యానులో వెళ్తుంది, మనుషులు ఆర్టీసీ బస్సులో. మూడు రోజుల దారి ఆ బస్సుకి రెండు గంటలు కూడా పట్టదు. వంటసంచి మాత్రం బయల్దేరినప్పటికంటే ఒక అరటిగెల, రెండు డబ్బాల పూతరేకుల మేరకు బరువెక్కి ఉంటుంది. నూడుల్సు పొట్లం అడుగునే ఉంటుంది.