మహారాజశ్రీ అక్టోబరు ఒకటవ తేదీ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ అక్టోబరు ఒకటవ తేదీ గారి దివ్యసముఖమునకు, హైదరాబాదు నగరవాసియగు ఒక వృద్ధుడు సవినయముగా వ్రాసికొను విన్నపము.

ఇట్టి లేఖలు కమిషనరు గారికో మంత్రివర్యులకో వ్రాయుట లోకాచారము. ఆ యాచారమును మీఱి నేను తమకు వ్రాయుటకు కారణమేమనగా, ఈ నగరమున వృద్ధులకు సంబంధించిన ఏ కార్యమునకైనను తుదకు తమ యనుజ్ఞయే ప్రమాణమై యున్నది. పార్కులో బెంచీ విరిగినదని మొఱపెట్టుకొన్నను, వైద్యశిబిరము మరల ఎప్పుడని అడిగినను, కాలనీలో పెద్దవారు కూర్చుండుట కొక గది ఇప్పింపుడని వేడికొన్నను వచ్చు సమాధాన మొక్కటియే: "అక్టోబరు ఒకటి వచ్చుచున్నది గదా, అప్పుడు చూతము." తక్కిన 364 దినములకు లేని అధికారము తమ కొక్కరికే కలదని గ్రహించి ఈ సాహసమునకు పూనుకొంటిని.

తమ జన్మవృత్తాంతము నే నెఱుంగనిది కాదు. 1990 డిసెంబరు 14వ తేదీన ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ తమకు అంతర్జాతీయ వృద్ధుల దినమను బిరుదము నొసగినది. మరుసటి యేటినుండి తాము దర్బారు తీర్చుచున్నారు. లెక్క చూడగా తమ కింకను నలుబది యేండ్లు నిండలేదు. వృద్ధుల మంచిచెడ్డలు నిర్ణయించువారు సామాన్యముగా ఆ వయస్సువారే యగుట మా కలవాటు గనుక అందులకు చింత లేదు. 2050లో తమకును అరువది నిండును. అప్పుడు తామును ఆధారు కార్డు నకళ్లు రెండు చేతబట్టుకొని వరుసలో నిలుచుండవలసి వచ్చునని మాత్రము స్నేహభావముతో హెచ్చరించుచున్నాను.

తమ దర్బారు వైభవమును వర్ణింప నా తరము గాదు. ఆహ్వానపత్రమున ఉదయము పది గంటలని యుండును. ముఖ్య అతిథి పండ్రెండింటికి వేంచేయును. అంతవఱకు చక్కెరవ్యాధి గలవారు ఆకలికిని మర్యాదకును నడుమ నలుగుచుందురు. పిమ్మట జ్యోతిప్రజ్వలనము, ఉపన్యాసములు, శాలువాలు. వానకాలపు ఉక్కపోత ఇంకను వదలని ఆ దినములలో శాలువా కప్పించుకొని, ఫోటో తీయువాడు చాలునను వఱకు చెమటలో తడియుచు చిరునవ్వు నిలుపుకొనుట మా వయస్సునకు మిగిలిన తపస్సులలో నొకటి. అటుపై రక్తపోటు పరీక్ష: అంకె చెప్పుదురు, చీటిమీద వ్రాసి యిత్తురు, ఆ అంకెను దించు మాత్ర మఱునాడు ఎచ్చట దొరకునో ఆ చీటిలో నుండదు. తుదకు వినోదార్థము కుర్చీలాట. మోకాలిచిప్ప లరిగినవారిని పాట మ్రోగినంతసేపు పరుగెత్తించి, పాట ఆగినప్పుడెల్ల ఒక్కొక్క కుర్చీని తొలగించు ఆ క్రీడను కనిపెట్టినవా రెవరో గాని, నగరపాలన మర్మమంతయు వారికి కరతలామలకమై యుండవలెను.

దేవాలయములలో ఉత్సవమూర్తికి వాహనము, మేళము, వీధివీధిని హారతులు నుండును. అవి యన్నియు ముగిసిన పిదపను గర్భగుడిలో మూలవిరాట్టునకు మఱునాటి వేకువను సుప్రభాతము, వేళకు నైవేద్యము, రాత్రి పవళింపుసేవ యథావిధిగా జరుగుచునే యుండును. నగరము మమ్ము ఉత్సవమూర్తులనుగా మాత్రమే యెఱుంగును. ఊరేగింపు ముగియగనే తాళము పడును. నిత్యకైంకర్యమునకు బడ్జెట్టులో పద్దు లేదు.

శాసనములు లేవని నే ననను. 2007లో పార్లమెంటు తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టమును చేసినది. అరువది యేండ్లు నిండినవారి నెల్ల అది వయోవృద్ధులనుగా గుర్తించినది. అన్నము పెట్టని బిడ్డలనుండి నెలకు 10,000 రూపాయల వఱకు భృతి యిప్పించుటకు, న్యాయవాదుల ప్రమేయము లేని ట్రిబ్యునళ్లను నిర్దేశించినది. దిక్కులేనివారు 150 మందియైనను తలదాచుకొనునట్టి వృద్ధాశ్రమములను జిల్లాకు కనీస మొక్కటిగా నెలకొల్పవచ్చునని రాష్ట్రములకు చెప్పినది. ప్రభుత్వాసుపత్రులలో పెద్దవారికి వేఱు వరుస నుండవలెనన్నది. ఆ వేఱు వరుసలో నిలుచున్న వారందఱును నిలువలేనివారే యగుటచేత, వారికి వరుసకన్న బల్ల ఎక్కువ యవసరమని శాసనకర్తలకు తోపకపోవుట మాత్రము వింతగా నున్నది. అంతకు చాల ముందే, 1982 డిసెంబరు 17న, నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షను ప్రభుత్వము దయతలచి యిచ్చు భిక్ష కాదనియు ఉద్యోగి హక్కనియు తీర్పు చెప్పినది. పెన్షనర్లు నేటికిని ఆ తేదీని పండుగగా జరుపుకొందురు. శాలువా మా హక్కు కాదు. అయినను, చిత్రమేమో గాని, అడుగకున్నను దొరకునది అదియే.

14567 అను ఎల్డర్ లైను ఫోను విషయమున మా నగరమునకు కొంత గర్వించు కారణము కలదు. 2017లో టాటా ట్రస్టులు తెలంగాణ ప్రభుత్వముతో కూడి హైదరాబాదు పెద్దల కొఱకు ఆరంభించిన ఏర్పాటే పిదప దేశమంతటికిని విస్తరించినది. ఉదయ మెనిమిదినుండి రాత్రి యెనిమిది వఱకు ఎవరో ఒకరు పలుకుదురు. పలుకు దిక్కొక టుండుట సామాన్యమైన మేలు కాదు. కాని ఫోను చేయవలెనను ఊహ కలుగుటకు, తెరమీది అంకెలు కనబడుటకు, తన కష్టమును కష్టమేయని పరులతో చెప్పుకొనుటకు మనిషిలో కొంత సత్తువ మిగిలి యుండవలెను. అదియు లేనివారిని ఎవరైన వెదకికొని పోవలెను గాని, వారంతట వారు పిలువరు.

ఒకప్పుడు వెదకికొని పోవువారుండిరి. వారికి జీతము లేదు, పదవి లేదు; వారు గ్రంథాలయములలో పత్రికల బల్లవద్ద ప్రక్క కుర్చీలో కూర్చుండువారు. 1901లో వెలసి సుల్తాన్ బజారులో నిలిచిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమందును, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమందును, పేటపేటలోని శాఖలయందును, పదవీవిరమణ చేసిన గుమాస్తాలు, ఉపాధ్యాయులు, భార్యను పోగొట్టుకొన్నవారు, కోడలి వంట నచ్చనివారు, కోడలికి తాము నచ్చనివారు, తలుపు తీయువేళకే చేరి, ఒకే పత్రికను నాలుగు భాగములుగా పంచుకొని చదివి, ప్రభుత్వములను కూల్చి, మరల నిలిపి, మధ్యాహ్నమునకు ఇల్లు చేరుచుండిరి. అందులో ఒకరు రెండు దినములు రాకున్న మూడవనాడు మిగిలినవారిలో ఒకరు సంచి చంకనబెట్టుకొని ఆ యింటికి పోయి, "శాస్త్రిగారూ, ఒంట్లో ఎట్లున్నది?" అని గుమ్మమునుండి కేక వేయుచుండిరి. వృద్ధసంక్షేమమని ఎవరును పేరు పెట్టని ఆ సేవకు మూలధనము ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున మేము చెల్లించిన గ్రంథాలయ సెస్సే.

నేడు చిక్కడపల్లికి పోయినచో కుర్చీలే కాదు, చెట్లనీడలును ఉద్యోగపరీక్షలకు చదువుకొను పిల్లలతో నిండియుండును. వారిని లేవగొట్టి కూర్చుండుటకు నాకు మనసొప్పదు. నోటిఫికేషన్లకై యెదురుచూచుచు వారును మావలెనే ముదిసిపోవుచున్నారు. కావున వేఱొక చోటు వెదకవలెను. అది వెదకుటకు శ్రమయు లేదు. కాలనీకాలనీకిని కమ్యూనిటీ హాలొక టుండనే యున్నది. బారసాలలకు, విందులకు అద్దె కిచ్చిన దినములు పోగా మిగిలిన దినము లందు దానికి తాళమే కాపురము.

అయ్యా, నేను కోరున దిది. ఆ హాలు క్రిందియంతస్తులో గోడకు పట్టుకొన కడ్డీ యున్న మరుగుదొడ్డి యొకటి, ఫ్యాను, మంచినీరు, నాలుగు పత్రికలు, క్యారమ్ బోర్డు. వారమున కొకసారి బస్తీ దవాఖాననుండి ఒక నర్సు. 2014నుండి ఈ నగరమున ఐదు రూపాయల భోజన మున్నది. ఆ వడ్డన ఈ గుమ్మము ముందు జరిగినచో ముసలివారు పళ్లెము చేతబట్టుకొని ఎండలో నిలువక కూర్చుండి తినగలరు. వీనిలో ఏదియు లేకున్నను నేను సర్దుకొందును గాని, ఒక్కటి లేకున్న సర్దుకొనను: హాజరుపట్టీ. వచ్చినవారి పేర్లు వ్రాయుటకు కాదు. రానివారి పేర్లు చూచుటకు. మూడు దినములు గడి ఖాళీగా నున్నచో ఆ పట్టీ పట్టుకొని ఒక మనుష్యుడు అపార్టుమెంటు మెట్లెక్కి తలుపు తట్టవలెను. పిల్లలు డల్లాసులో నుండగా నాల్గవ యంతస్తులో ఒంటిగా నుండు ఆమె కింతకన్న వేఱు సంక్షేమపథకము నేను ఊహింపజాలను.

ప్రభుత్వమునకు మా క్షేమము పట్టదని కాదు. తమ పొరుగుననే యున్న నవంబరు గారు పెన్షనర్లను ఏటేట "బ్రతికియున్నారా?" యని అడుగుదురు. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చినది మొదలు వేలిముద్రతో జవాబు చెప్పుచుంటిమి; అంట్లు తోమియు, కలము పట్టియు రేఖలరిగిన వ్రేళ్లను యంత్రము గుర్తింపదని తెలిసి, 2021 నుండి ముఖము చూపిన చాలునన్నారు. సంతోషము. అయితే ఆ ప్రశ్న ఖజానా మేలు కొఱకు అడుగునది, ఏడాది కొకసారి. నా హాజరుపట్టీ అదే ప్రశ్నను మా మేలు కొఱకు, దినదినమును అడుగును.

రాకపోకల విషయ మొక మాట. 2023 డిసెంబరు 9నుండి మహాలక్ష్మి పథకమున స్త్రీలకు బస్సులో జీరో టికెట్టు. మా యింటి యామె ఇప్పుడు గుడికి, బజారుకు, చెల్లెలింటికి యథేచ్ఛగా సంచరించుచున్నది. నేను ఇల్లు కాచుచున్నాను. ఏబదియేండ్లు ఈ యేర్పాటు తలక్రిందులుగా జరిగినది గనుక ఫిర్యాదు చేయు ముఖము నాకు లేదు. కాని టికెట్టు ఉచితమైనను మొదటి మెట్టు ఎత్తు తగ్గలేదు. ఆ మెట్టే ముసలివారు చెల్లించు అసలు ఛార్జీ. ఫుట్‌పాతు అంచు 150 మిల్లీమీటర్లు మించరాదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు వ్రాసియుంచినది. మన వీధులలో దాని నెక్కుటకు చేతికఱ్ఱ చాలదు, మనుమడు కావలెను.

కావున ప్రార్థించున దేమనగా, ఈ యేటి దర్బారులో శాలువాల పద్దునుండి కొంత మిగిల్చి, హాలునకు ఒక తాళపుచెవి, ఒక పుస్తకము, దానిని పట్టుకొని మెట్లెక్కు ఒక మనుష్యుడు, ఈ మూడింటిని మంజూరు చేయింపుడు. మఱునాడే ఆరంభింపుడని అడుగుదును గాని, అక్టోబరు రెండు గాంధీ జయంతి, ఆఫీసులకు సెలవు. మూడవ తేదీ ఉదయము పది గంటలకు తాళము తీసిన చాలును. ఆ వేళకు మేము గుమ్మమువద్దనే యుందుము.

ఇట్లు,
తమ విధేయుడు,
హాజరుపట్టీలో పేరు వ్రాయించుకొన గోరు ఒక వృద్ధుడు