అవ్వా శబ్దమునకు టీకాతాత్పర్యములు

మూలము: "ఇంగ రోంత ఉగ్గాని ఎయ్యవ్వా!"

అవతారిక: ఎమ్మిగనూరు బస్టాండు చెంత పొద్దుటిపూట ఉగ్గానియు మిరపకాయ బజ్జీయు పెట్టు ముదుసలితో, ఆకు ఖాళీయైన పిదప, బాటసారి పలుకు వాక్యమిది.

టీక: ఇంగ = ఇంకను; రోంత = కొంచెము, అనగా వక్త యుద్దేశమున గరిటెడు, అవ్వ యుద్దేశమున పిడికెడు; ఉగ్గాని = తడిపి పిండిన బొరుగులకు ఉల్లియు, పచ్చిమిర్చియు, పప్పులపొడియు పట్టించిన తాళింపు; ఎయ్యి + అవ్వా = ఎయ్యవ్వా, ఇత్వసంధి. తక్కినవి సుగమములు, అవ్వ యొక్కతెయే దుర్గమము.

సంస్కృతాభిమానులు దీనిని 'అవ' ధాతువునుండి సాధింపజూతురు. ధాతుపాఠమున ఆ ధాతువునకు 19 అర్థములు గలవు. వానిలో రక్షణము, ప్రీతి, తృప్తి, శ్రవణము, ఆలింగనము అవ్వయందు చక్కగా కుదురుటయేగాక, ఆ పట్టికలోనిదే యగు హింసార్థము సైతము, మనుమని ముక్కు మూసి ఆముదము పోయువేళ సార్థకమగుచున్నది. ఇంత సొంపైన వ్యుత్పత్తిని త్రోసిపుచ్చుటకు మనసొప్పదు. కాని అవ్వ అచ్చముగా దేశ్యము, తమిళుల ఔవైకి తోబుట్టువు.

విశేషము: తుంగభద్ర దాటి గద్వాలవైపు పోయినచో అవ్వ యనగా కన్నతల్లి, పడమట బళ్లారి, రాయచూరు సీమల కన్నడమునందును తల్లియే. నడుమనున్న మన సీమలో మాత్రము ఆమె యొక తరము పైకెక్కి, తల్లికో తండ్రికో తల్లియై కూర్చున్నది. ఎమ్మిగనూరును తనలో నిముడ్చుకొన్న నాటి ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనిదై యుండి, 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రమునకు వచ్చినది. దస్త్రములు కర్నూలు చేరెనుగాని, పిల్లనిచ్చి పుచ్చుకొనుటలు ఏ ఉత్తరువునకును లోబడలేదు. కన్నడసీమ కోడలు "రేపు మా అవ్వ వస్తాది" అనినంతనే, అత్తగారు పండ్లులేని పెద్దముత్తైదువ కొరకని సంగటి మెత్తగా గెలికించి యెదురుచూడగా, నలుబది నిండని వియ్యపురాలు చేతిసంచితో బస్సు దిగుట ఈ ప్రాంతమున వింత గాదు. ఇట్టి చోట నిఘంటువుకంటె వచ్చునామె వయస్సు నడుగుటయే మేలని నా మతము.

తాత్పర్యము: ఓ వృద్ధురాలా, నాకింకను ఆకలి తీరలేదు, మరికొంత వడ్డింపుము అని భావము. అవ్వయు బువ్వయు రెండును కోరరాదను సామెత యిచ్చట చెల్లదు, రెండును ఒక్క పొయ్యికడనే దొరకుచున్నవి గనుక. అయినను చుట్టరికము పిలుపువరకే. రెండవ వడ్డనకు పైకము వేరుగా నియ్యవలెను.