ముందు మీటరు, తర్వాతే గాలి

మా రోజుల్లో ఎలక్ట్రిక్ మోడల్ విమానం మైదానానికి రాకముందే దాని కరెంటు లెక్క నోటుబుక్కులో ఉండేది. ఏడు నైకాడ్ సెల్స్ కలిపితే 8.4 వోల్టులు, బరువేమో దాదాపు 400 గ్రాములు. అది మోసుకుంటూ పైకి లేవాలంటే ఒక్క వాటు కూడా వృథా కాకూడదు. 1957లో ఇంగ్లండులో కల్నల్ టాప్లిన్ వెండి-జింకు బ్యాటరీలతో రేడియో క్వీన్ అనే మోడల్ విమానాన్ని ఎగరేసినప్పటి నుంచీ ఈ ఆటలో అందరికీ అదే బెంగ. అందుకే అమ్మీటరు, షంటు, స్టాప్‌వాచ్ లేనిదే పని మొదలుపెట్టేవాళ్ళం కాదు.

ఇప్పటి కుర్రాళ్ళకి ఏం తక్కువ? విమానంలో పెట్టిన చిన్న సెన్సరు ఎన్ని ఆంప్స్ లాగుతోందో, ఎన్ని ఎంఏహెచ్ ఖర్చయ్యాయో చేతిలోని రేడియోకి పంపుతుంది. రేడియో పైకి చదివి వినిపిస్తుంది కూడా. మేం కలలోనైనా అనుకోని సదుపాయం అది. కానీ చాలామంది వోల్టేజి పడిపోయిందన్న అరుపు కోసమే దాన్ని పెట్టుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. థ్రాటిల్ మొత్తం తెరిస్తే వోల్టేజి కుంగుతుంది, వదిలితే మళ్ళీ లేస్తుంది. పాతబడ్డ లైపో బ్యాటరీ సగం ఛార్జి ఉండగానే రేడియో చేత అరిపించవచ్చు. నమ్మాల్సింది ఖర్చయిన ఎంఏహెచ్ లెక్కని. 2200 ఎంఏహెచ్ బ్యాటరీ అయితే 1760 దగ్గర దిగిపోవాలి. దిగాక ఛార్జరు ఎంత ఎక్కించిందో చూస్తే సెన్సరు నిజం చెప్పిందో లేదో తేలిపోతుంది. అది చూసే ఓపిక ఎవరికుంది?

మొన్న ఒకబ్బాయి తొమ్మిదంగుళాల ప్రాపెల్లరు విరిగిందని పదకొండుది బిగిస్తున్నాడు. మీటరు పెట్టావా అంటే, "ఎందుకంకుల్, పెద్దదైతే కాస్త నెమ్మదిగా తిరుగుతుంది, అంతేగా" అన్నాడు. గ్లో ఇంజనైతే నిజంగానే నెమ్మదిస్తుంది. మోటారు అంత తేలిగ్గా లొంగదు బాబూ! తన వేగం నిలబెట్టుకోవాలని ఇంకా కరెంటు లాగుతుంది. వేగం, పిచ్ మారకుండా ప్రాపెల్లరు వ్యాసం పదో వంతు పెరిగితేనే దాదాపు సగం శక్తి అదనంగా కావాలి. ఇక రెండంగుళాలు పెరిగితే మోటారు వేగాన్ని నియంత్రించే 30 ఆంప్స్ ఈఎస్‌సీ గతేమిటి? కాలిందంటే మోటారుతో పాటు రేడియో రిసీవరుకీ కరెంటు పోవచ్చు. అప్పుడా విమానం ఎవరి నెత్తిన పడుతుందో!

చేయాల్సింది ఎంత? బ్యాటరీకీ ఈఎస్‌సీకీ మధ్య వాట్‌మీటరు పెట్టు. తోక గట్టిగా పట్టుకునేందుకు ఒకరిని కూర్చోబెట్టు. నువ్వు ప్రాపెల్లరు వెనక నిలబడి పది సెకన్లు పూర్తి థ్రాటిల్ ఇవ్వు. 10.5 వోల్టులు, 24 ఆంప్స్ చూపిస్తే 252 వాట్లు. విమానం 1.2 కిలోలైతే కిలోకి 210, విన్యాసాలకి చాలు. అదే థ్రాటిల్ మీద ఆ 1760 ఎంఏహెచ్ నాలుగున్నర నిమిషాలు కూడా రావు. ఇంత చెబితే, గాల్లోకి వెళ్తే ప్రాపెల్లరుకి భారం తగ్గి కరెంటు తగ్గుతుందిగా అని వాదిస్తారు. తగ్గుతుంది, వేగంగా సూటిగా పోతున్నప్పుడు. ముక్కు నిటారుగా ఎత్తి పైకి లాగేటప్పుడు మాత్రం దాదాపు నేలమీది అంకే మళ్ళీ వస్తుంది. మీ రేడియోలోనే నమోదై ఉంటుంది, ఇంటికెళ్ళి తెరిచి చూడండి.