తీపి మానిన ఉప్పురాయుడు

మధుమేహం, అధిక రక్తపోటు రెండూ ఒకే ఒంట చేరిన తెలుగు గృహస్థులలో, మొదటిదానిని మాత్రమే రోగంగా గుర్తించి, రెండవదానిని దాని వెంట వచ్చిన చుట్టంగా ఆదరించే వర్గం ఒకటి ఉంది. ఈ వర్గీయుడు సాధారణంగా ఉద్యోగ విరమణ చేసినవాడు. మూడు నెలల చక్కెర సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ ఫలితాన్ని ఉదయపు నడకలో దశాంశంతో సహా అప్పజెప్పగలవాడు. బీపీ ఎంతని అడిగితే మాత్రం "నార్మలే" అంటాడు.

తీపి విషయంలో ఆయన నిష్ఠ అసామాన్యం. పెళ్ళి పంక్తిలో బూరె వడ్డించబోయిన కుర్రవాడిని విస్తరికి చేయి అడ్డంపెట్టి ఆపి, అదే చేత్తో ఆవకాయ గిన్నెవాడిని పిలిచి, ముక్కతో తృప్తిపడక ఊటను కూడా వేయించుకొని, చివరకు పెరుగన్నంలోకి రెండు చల్లమిరపకాయలు అడుగుతాడు. వాటిలో చక్కెర లేదు కదా! పెద్దలకు రోజుకు 5 గ్రాములలోపు, అంటే ఒక టీచెంచాకు మించకుండా ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినట్లు కోడలు గుర్తుచేస్తే, "పైన చల్లుకుంటే ఉప్పమ్మా, ఇది ఊరగాయ" అని ఆయన చేసే విభజనకు శాస్త్రాధారం లేకపోయినా ఎదురు చెప్పగలవారు ఇంట్లో లేరు.

బీపీ చూసే ముందు ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలపై ఉంచి, మౌనంగా కూర్చోవాలన్నది నియమం. ఆయన కాఫీ తాగి, మెట్లెక్కి వచ్చి, పట్టీ బిగుస్తుండగానే అల్లుడి బదిలీ వృత్తాంతం అందుకొంటాడు. పై అంకె, అంటే గుండె ముడుచుకొన్నప్పటి సిస్టాలిక్ పీడనం, 160 చూపితే యంత్రం చెడిపోయినట్లు. 128 చూపితే యంత్రం బాగున్నట్లు, మాత్ర అక్కరలేనట్లు. ఆ 128 మాత్ర చలవేనన్న అనుమానం ఆయనకు రాదు.

టైప్ 2 మధుమేహులపై బ్రిటన్‌లో జరిగి 1998లో వెలువడిన యూకేపీడీఎస్ రక్తపోటు పరిశోధనలో, గట్టి అదుపులో ఉన్నవారి సగటు 144/82, మిగిలినవారిది 154/87. ఆ కాస్త తేడాకే పక్షవాతం 44 శాతం తగ్గింది. ఇప్పుడు వైద్యులు చాలామందికి 130/80 లోపు కోరుతున్నారు. టెల్మిసార్టాన్ వంటి మాత్ర బీపీతోపాటు మూత్రపిండాల వడపోత గుచ్ఛాలలోని పీడనాన్ని కూడా తగ్గించి, అల్బుమిన్ అనే మాంసకృత్తు మూత్రంలోకి జారిపోవడాన్ని తగ్గిస్తుంది. ఈ సంగతి ఓపికగా విన్న ఆయన, తనకు ఆ బాధ ఏమీ లేదని, కొద్దిగా నురగ వస్తుందంతేనని హామీ ఇస్తాడు. డాక్టరు వెంటనే మూత్రపరీక్ష రాసిస్తే, ఆ చీటీని వెలుతురుకు పట్టి చదివి అడుగుతాడు: "ఇందులో షుగరు కూడా చూస్తారా?"