గజకచ్ఛపాలు కావు, జెల్ల

వినతానందనుడి పేరు మోసే వైనతేయ పాయ ఒడ్డున, డొక్కా సీతమ్మ అక్విడక్టు మీదుగా కాలువ నీరు ఏటి నెత్తిన నడిచిపోయే పి.గన్నవరం మహాక్షేత్రాన, చైత్రమాసం పొద్దున పదిగంటల వేళ, అవధరించండి, ఒక గరుడ పక్షి జెల్ల చేపను తన్నుకుపోయింది! ధవళశిరస్కుడు, ఇటుకరంగు పక్షధారి, దారినపోయేవాళ్ళ చేత చెంపలు వేయించుకునే పూజ్యుడు. శరీరభారం అర కిలో. అన్నదాత పేరు పెట్టుకున్న వంతెన పక్కన తిండి ఎత్తుకుపోతే దాన్ని దొంగతనం అనడానికి నాకైతే నోరు రాదు.

పూర్వం వీరి మూలపురుషుడు ఏనుగునీ తాబేలునీ చెరో కాలా పట్టి, విరిగిన కొమ్మను ముక్కున కరిచి, దానికి వేలాడుతున్న వాలఖిల్యులతో సహా ఎగిరిపోయాడు. ఆయనది రెక్కల బలం. మనవాడు కలియుగ జీవి, రెక్క ఆడించకుండా పైకెక్కే రకం. ఎండకి ఏటి నీటికన్నా ముందు లంక ఇసుక కాగుతుంది. దాని మీది గాలి తేలికై స్తంభంలా లేస్తుంది. ఆ స్తంభానికి నడుమ ఊపు, అంచుల్లో నీరసం. అందుకని చిన్న చుట్టు చుడుతూ నడిమినే అంటిపెట్టుకోవాలి.

జెల్ల అడ్డుపడింది అక్కడే. ఎంతుంటుంది, నూరు గ్రాములు! అర కిలో దేహానికి అది ఐదో వంతు. రెక్కల వాలు మార్చకుండా ఆ బరువు మోయాలంటే వేగం దాదాపు పదో వంతు పెరగాలి. గాలిలోంచి కిందికి జారడమూ అంతే పెరుగుతుంది. చుట్టు మాత్రం ఏకంగా ఐదో వంతు పెద్దదవుతుంది. అలా మన వీరుడు నడిమి ఊపు వదిలి అంచు నీరసంలో పడ్డాడు. ఖాళీకాళ్ళ జ్ఞాతి ఒకడు అదే స్తంభంలో గిర్రున తిరుగుతూ కొబ్బరితోటలన్నీ కాలికిందికి తెచ్చుకున్నాడు. వెనక కాకిసేన!

మిట్టమధ్యాహ్నమైతే గాలి వెడల్పుగా, బలంగా లేచేది, జెల్ల లెక్కలోకొచ్చేది కాదు. బరువు అన్నివేళలా శాపమూ కాదు. గ్లైడర్ పైలట్లు పందెం రోజున రెక్కల్లో నూరు లీటర్లకు పైగా నీళ్ళు నింపుకునే బయల్దేరతారు. ఒక గాలిస్తంభం నుంచి మరోదానికి జారేటప్పుడు బరువు వల్ల జారుడు వాలు మారదు, వేగం మాత్రం పెరుగుతుంది. గాలి నీరసించిందా, కవాటం తిప్పి ఆ నీళ్ళను ఆకాశంలోనే వదిలేస్తారు.

జెల్లను వదలడం మనవాడి వంశంలో లేదు. ఎగురుతూనే తలవంచి భోజనానికి ఉపక్రమించాడు. మహావీరా, కాళ్ళలోది కడుపులోకి మారితే బరువు తగ్గుతుందా! తలకాయ, ముల్లు జారి కిందపడ్డాయి. కాకిసేన యుద్ధం మాని వాటి వెంట పోయింది. కాసేపటికి ఆయనా తన కవాటం తిప్పాడు. గట్టున ఆరేసిన తెల్లపంచె మీద పడింది. పంచె గలాయన అన్నమాటలు కావ్యంలో ఇమిడేవి కావు.