కన్నం కలిసింది, వాట్లు కలవలేదు

మాదాపూర్‌లో ఒక ఆఫీసు. ఏడో అంతస్తులో మీటింగ్ రూము. గోడ మీద తెర, తెర మీద అమెరికా క్లయింటు. ఇటువైపు మేం పన్నెండుమందిమి. ఏ సిస్టమైనా ఏ సిస్టంతోనైనా మాట్లాడుకునేలా చేస్తామని మా టీమ్ లీడు అప్పుడే మాటిచ్చాడు. అంతలో ఆయన ల్యాప్‌టాప్ బ్యాటరీ మూడు శాతానికి పడిపోయింది.

"బ్రో, చార్జర్ ఉందా?"

పన్నెండు బ్యాగుల జిప్పులు ఒకేసారి తెరుచుకున్నాయి. ఒకరిది గుండ్రటి పిన్ను, ఒకరిది చదరపు పిన్ను, ఇంకొకరిది సి టైపే గానీ ఫోన్‌ది. ఒక్కటీ పనికిరాలేదు. తెర నల్లబడింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని పెద్దలు ఊరికే అనలేదు.

ఈ బాధ కొత్తదేం కాదు. నోకియా రోజుల్లో పాన్ డబ్బా దగ్గర కూడా "అన్నా, సన్న పిన్ను ఉందా, లావు పిన్నేనా?" అని అడిగేవాళ్లం. తర్వాత మైక్రో యూఎస్‌బీ వచ్చింది. 2012లో యాపిల్ తన లైట్‌నింగ్ తీగ తెచ్చింది. 2016లో అదే యాపిల్ నానక్‌రామ్‌గూడ వేవ్‌రాక్‌లో మ్యాపుల పనికి ఆఫీసు పెడితే, ప్రారంభానికి టిమ్ కుక్ స్వయంగా వచ్చాడు. ప్రపంచానికి దారి చూపే పని మన దగ్గర జరుగుతోంది. ఆ కంపెనీకి సి టైప్ దారి చూపింది మాత్రం ఐరోపా పార్లమెంటు. 2022 అక్టోబర్ 4న 602 మంది అవునన్నారు, 13 మంది కాదన్నారు. ఒక్క కన్నం మార్చడానికి అన్ని ఓట్లు కావాల్సి వచ్చింది! మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో ఐఫోన్ 15 సి టైప్‌తో దిగింది. ఐరోపాలో కొత్త ఫోన్లకు, ట్యాబ్‌లకు, ఇయర్‌ఫోన్లకు ఆ నియమం 2024 డిసెంబర్ 28 నుంచి మొదలు. మా టీమ్ లీడు లాంటివాళ్ల ల్యాప్‌టాప్‌ల వంతు 2026 ఏప్రిల్ 28.

మనమూ ఊరుకోలేదు. 2022 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల శాఖ కంపెనీలను కూర్చోబెట్టింది. సి టైప్‌కు సరేనన్నారు. 2023 జనవరికల్లా దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ దానికి ప్రమాణం ప్రకటించింది. అయితే ప్రమాణం వేరు, చట్టం వేరు. ప్రభుత్వం విడిగా ఉత్తర్వు ఇస్తే తప్ప అది ఐచ్ఛికమే. ఐచ్ఛికమంటే ఏమిటో బయోడైవర్సిటీ జంక్షన్‌లో ఎర్రలైటు దగ్గర ఐదు నిమిషాలు నిలబడితే ఎవరికైనా బోధపడుతుంది.

కంపెనీల పర్యావరణ ప్రేమ ఇంకో ముచ్చట. 2020లో ఐఫోన్ 12 డబ్బాలోంచి అడాప్టర్ మాయమైంది. భూమి కోసమన్నారు. తీగ మాత్రం ఇచ్చారు. దాని రెండో కొస సి టైప్. జనం ఇళ్లలో పాత అడాప్టర్లకేమో వెడల్పు కన్నాలు. భూమిని కాపాడటానికి ఎంతమంది కొత్త అడాప్టర్ కొనుక్కున్నారో!

సరే, ఇప్పుడు అందరిదీ సి టైపే అనుకుందాం. కన్నం కుదిరితే పెళ్లి కుదిరినట్టేనా? జాతకాలు చూడొద్దూ? చార్జర్ మీద 67 వాట్లని ఉంటుంది. సొంత కంపెనీ ఫోన్‌కే ఆ మర్యాద. పక్కింటి ఫోన్ పెడితే పరాయి చుట్టానికి పెట్టినట్టు పొదుపుగా వడ్డిస్తుంది. తీగల సంగతీ అంతే. ఒకటి మూడు ఆంపియర్లు మోస్తుంది, ఒకటి అయిదు. ఒకటి సెకనుకు 480 మెగాబిట్లు పంపుతుంది, ఇంకొకటి 40 గిగాబిట్లు. పైకి అన్నీ కవల పిల్లలే. కులం ఒకటే, శాఖ వేరు.

ఐరోపావాళ్లు దీన్ని ముందే పసిగట్టారు. వేగంగా చార్జ్ అయ్యే పరికరాలన్నీ పవర్ డెలివరీ అనే ఉమ్మడి పద్ధతిని పాటించాలన్నారు. సొంత పద్ధతి ఉంటే దాన్నీ ఉంచుకోవచ్చు గానీ, ఉమ్మడిదాన్ని కుంటుపరచకూడదు. ఎన్ని వాట్లు కావాలో డబ్బా మీద కనపడేలా రాయాలి. అడాప్టర్ వద్దన్నవాడికి అది లేకుండానే ఫోన్ అమ్మాలి.

కాబట్టి ఢిల్లీ పెద్దలకు ఒక మనవి. ఉత్తర్వు ఇచ్చేటప్పుడు కన్నం ఒక్కటే చూసి సంతకం పెట్టకండి. వాట్లూ రాయించండి, తీగ సత్తా ఎంతో తీగ మీదే అచ్చేయించండి. లేకపోతే మా ఇంటి సొరుగు గతే దేశానిది. అందులో పద్నాలుగు చార్జర్లున్నాయి. పనికొచ్చేవి రెండు.