గంధయంత్ర పద్యం: సటీక తాత్పర్యం

అవతారిక

ఈమధ్య ఏ కొత్త ఫ్లాట్‌కి వెళ్లినా చెప్పులు విప్పేలోపే ఒక ఉపన్యాసం మొదలవుతోంది. టీవీ పక్కన చెక్క పీఠం, దానిమీద మెడ వంకర తిరిగిన, ఇల్లంతా వాసన చిమ్మే గాజు బుడ్డి. ఇంటాయన దానివైపు చెయ్యి చూపించి, “ఇందులో నీళ్లు పొయ్యక్కర్లేదండీ, వేడి చెయ్యక్కర్లేదండీ, ప్యూర్ ఆయిల్ మాత్రమే” అంటాడు. మరి ఎలా పనిచేస్తుందంటే “కోల్డ్ ఎయిర్ టెక్నాలజీ” అంటాడు. అదేమిటంటే డబ్బా తెచ్చి చూపిస్తాడు. డబ్బామీద అదే మాట ఇంకాస్త పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

ఇంతటి ప్రౌఢ గ్రంథానికి ఇంతవరకు టీక లేకపోవడం మన భాషకి లోటు. డబ్బామీది వచనాన్ని ఆటవెలదిలోకి దించి వ్యాఖ్యానానికి పూనుకుంటున్నాను. వ్యాఖ్యాతలకి పెద్దదిక్కు మన మెదకు సీమవాడే, కొలిచెలమ మల్లినాథసూరి. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ఒట్టు పెట్టుకుని మరీ కాళిదాసు జోలికి వెళ్లాడు. ఆ ఒట్టులో మొదటి సగం నాకూ సమ్మతమే.

మూలం

నీరు పోయనేల నిప్పులేలంచును
గాలితోడ తైలకణము లూది
యిల్లు నింపునంట యెల్లవేళలయందు
వెలను చూడ తలకు వేడి పుట్టు

పాఠభేదం: నాలుగో పాదం అమ్మేవాళ్ల ప్రతుల్లో లేదు. కొన్నవాళ్ల ప్రతులన్నిటిలోనూ ఉంది. కనక ప్రక్షిప్తం కాదు.

ప్రతిపదార్థం

నీరు = స్పష్టం. నిప్పు = స్పష్టం. పోయనేల = పొయ్యడం ఎందుకు. ఇల్లు = ఈఎంఐ తీరాక మనది. మిగిలిన తేలిక మాటలు చదువరులు ఊహించుకోగలరు. “ఊది” అన్నచోట మాత్రం ఆగాలి, ఎందుకంటే యంత్రమంతా ఆ క్రియలోనే ఉంది.

పీఠంలో చిన్న గాలి పంపు ఉంటుంది. అది గాలిని సన్నని రంధ్రంలోంచి జోరుగా వదులుతుంది. ఆ రంధ్రానికి ఎదురుగా, నూనెలో మునిగిన గాజు నాళం మూతి ఉంటుంది. దూసుకొచ్చే గాలి ఆ మూతి దగ్గరున్న గాలిని కూడా ఈడ్చుకుపోవడంతో అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. బుడ్డిలో నూనెమీద ఉన్న గాలి ఒత్తిడి మాత్రం తగ్గలేదు కనక అది నూనెను నాళంలోకి నెడుతుంది. నూనె పైకొచ్చి ఆ గాలి దెబ్బకి తుంపరలుగా చితికిపోతుంది. లావు తుంపరలు బుడ్డి గోడకి కొట్టుకుని కిందికి జారి మళ్లీ నూనెలో కలుస్తాయి. కొద్ది మైక్రాన్ల సైజుకి చితికినవి మాత్రం ఆ వంకర మెడలోంచి బయటపడి, గదిలో చాలామటుకు ఆవిరైపోతాయి. మెడ వంకర అందం కోసం పెట్టింది కాదు, లావువాటిని ఆపడానికి. డబ్బామీద రాయదగ్గ సంగతి ఇదొక్కటే. రాయలేదు.

వేగంగా పారే ద్రవం గురించి డేనియల్ బెర్నూలీ 1738లోనే పుస్తకం అచ్చువేశాడు. ఇరుకు గొట్టంలో ఒత్తిడి తగ్గడం గురించి వెంచూరీ 1797లో రాశాడు. అంత దూరం పోనక్కర్లేదు. మన ఇళ్లలో దోమలకి కొట్టిన ఫ్లిట్ పంపు ఉందే, రేకు డబ్బా, వెనక తోసే పిడి, అదీ ఇదే ఊదడం. పిడి తోస్తే గాలి గొట్టం మూతిమీదుగా పోయి మందును పైకి లాగి చిమ్మేది. దానికి నీళ్లూ లేవు, నిప్పూ లేదు. ఆ లెక్కన కోల్డ్ ఎయిర్ టెక్నాలజీని మా నాయనమ్మ ప్రతి సాయంత్రం మంచాల కింద ప్రదర్శించేది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, దోమల సంగతి సరేసరి.

శంక: వేడి లేదంటున్నారు, మోటారు వెచ్చబడదా? సమాధానం: వెచ్చబడుతుంది. నూనెను కాచడం లేదని మాత్రమే అర్థం.

శంక: నీళ్లు అక్కర్లేకపోవడం అంత గొప్పా? సమాధానం: విశాఖలోనో మచిలీపట్నంలోనో ఉండేవాడికి గొప్పే. అక్కడి గాలి ముందే తడిబట్టలా ఉంటుంది, నీళ్లు పోసి ఆవిరి చిమ్మే రకం పెడితే గోడలకి బూజు పట్టొచ్చు. ఇక్కడ డబ్బాకి ఒక మార్కు వెయ్యాలి.

కానీ తర్కశాస్త్రరీత్యా చూస్తే ఆ మార్కు కూడా నిలబడదు. అన్నంభట్టు ఆంధ్రుడు, కాశీ చేరి తర్కసంగ్రహం రాశాడు. ఆయన లెక్కలో వాసన ఒక్క పృథివికే సొత్తు. నీటికి లేదు, నిప్పుకి లేదు, గాలికి అసలే లేదు. నీళ్లు వాసనేశాయంటే అందులో పృథివి అంశ కలిసిందన్నమాట. అమరకోశం గాలికి గంధవహమని పేరిచ్చింది, అంటే మోసేదే తప్ప సొంతదారు కాదు. ఈ మతంలో “నీళ్లు లేని పరిమళం” అనడం కొమ్ములు లేని కుందేలు అనడం లాంటిది. ఎప్పుడున్నాయి గనక?

ఇక్కడ తార్కికులకి ఒక పాత చిక్కుంది. రాయి కూడా పృథివే కదా, దానికి వాసనేదీ? వాళ్ల జవాబు మొండిదే గానీ నాకు మహా ఇష్టం: ఉంది, పైకి తెలియదు, కాల్చి బూడిద చేసి చూడు, తెలుస్తుంది. శతాబ్దాల తర్వాత ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఎండు రాళ్లకీ మట్టికీ ఆవిరి పట్టి, వాటిలో దాగిన నూనెను బయటికి తీశారు. తొలకరి వాసనలో ఒక పాలు అదే. 1964లో నేచర్ పత్రికలో దానికి పెట్రికోర్ అని నామకరణం చేశారు. ఆ పేరులో సగం గ్రీకు రాయి. కాశీ పండితుడికి ఎవరూ ఉత్తరం రాయలేదు గానీ రాయికి వాసన ఉందని తేలిపోయింది.

కన్నౌజ్‌వాళ్లకి ఈ సంగతి అంతకు ముందే తెలుసు. కాల్చిన మట్టి పెంకుల్ని రాగి డేగులో (బానలో) నీళ్లతో వేసి కింద మంటపెట్టి, వచ్చే ఆవిరిని చందనతైలం ఉన్న పాత్రలోకి దింపుతారు. చందనం ఆ వాసనను పట్టేస్తుంది. దాన్ని మిట్టీ అత్తరంటారు. నీళ్లూ నిప్పూ మట్టీ మూడూ ఉంటే తప్ప అది తయారవదు. నీళ్లూ నిప్పూ లేవని గొప్పలుపోయే బుడ్డిలో పోసే చాలా నూనెల సంగతీ అంతే. లావెండరైనా యూకలిప్టసైనా ఎక్కడో ఒకచోట బాన కింద మంట మండి, ఆవిరి పట్టబట్టే సీసాలోకి వచ్చింది. మంట ఫ్యాక్టరీలో మండింది, మన హాల్లో కనపడదు, అంతే.

విశేషాంశం

గంధం మాట వచ్చాక వరాహమిహిరుణ్ణి తలుచుకోకుండా ముందుకు పోవడం నావల్ల కాదు. ఆరో శతాబ్దపు జ్యోతిష్కుడు. బృహత్సంహితలో గ్రహాలు, వానలు, భూమిలో నీటిజాడలు, ఇళ్ల కొలతలు అన్నీ చెప్పి, మధ్యలో గంధయుక్తి అని ఒక అధ్యాయం పెట్టాడు. తలనూనెలు, స్నానపు పొడులు, ధూపాలు, నోటికి సువాసనలు, దేన్నీ వదల్లేదు. ఆ అధ్యాయంలో ఒకచోట పదహారు ద్రవ్యాలు వరసగా పేర్చాడు. తుంగముస్తలు, వట్టివేరు, నాగకేసరం, అగరు, దవనం, కచ్చూరాలు, కర్పూరం, చందనం, వీటి మధ్య నిస్సంకోచంగా ధనియాలు. ఈ పదహారులో ఏవైనా నాలుగు తీసుకోమన్నాడు. అలా తీసుకునే విధాలు 1,820. ఒక్కో నాలుగింటినీ ఒక పాలు, రెండు పాళ్లు, మూడు, నాలుగు అని మార్చి మార్చి కలుపుతూ పోతే 96 రకాలని ఆయన లెక్క. వెరసి 1,74,720 పరిమళాలు.

ఆ లెక్కను ఆస్వాదించండి. పదోతరగతి తర్వాత ఇంటర్లో మనల్ని ఏడిపించిన పర్ముటేషన్లూ కాంబినేషన్లూ ఇవే. పిల్లవాడికి రంగు బంతుల సంచీ కాకుండా దవనం, ధనియాలు ఇచ్చి ఉంటే లెక్కల మాస్టారి గది ఎంత బాగుండేది! పదో శతాబ్దంలో భట్టోత్పలుడు ఈ శ్లోకాలకి టీక రాస్తూ గడులు గీసి ఏ గడిలో ఎన్ని పాళ్లో చూపించాడు. రాజుగారి స్నానానికి ఇంత గణితం. అది చదువుతుంటే నాకు ఆకలి కూడా వెయ్యదు. అందులో మరీ ముఖ్యంగా…

అవును, యంత్రం. మనం రెండో పాదంలో ఉన్నాం.

ఒకటి మనవి చెయ్యాలి. ఆ పదహారులో మన ముక్కుకి బాగా తెలిసిన వట్టివేరు, చందనం, రెంటి నూనెలూ చిక్కనివి. చిక్కని నూనె ఆ సన్ననాళంలో ఎక్కదు, ఎక్కినా అడ్డంపడుతుంది. పలచన చెయ్యాలనీ, లేకపోతే స్పిరిట్ పోసి నాళం కడుక్కోవాలనీ వాడుక పత్రంలో చిన్నక్షరాల్లో ఉంటుంది. యంత్రానికి నచ్చేవి నిమ్మ, నారింజ, యూకలిప్టస్ లాంటి పలచని నూనెలు. కనక కొండాపూర్‌లో పద్నాలుగో అంతస్తు హాలు నిమ్మతొక్క వాసనేస్తుంది, దానికి పేరు “సిగ్నేచర్ సెంట్”. చందనం కావలసినవాడు సాన మీద అరగదీసుకోవాల్సిందే. దానికీ నిప్పక్కర్లేదు.

మూడో పాదం: యెల్లవేళలయందు

ఇది అసలు దోషం. ఏ వాసనైనా కొద్ది నిమిషాలు పీల్చేసరికి ముక్కు అలవాటుపడి పట్టించుకోవడం మానేస్తుంది. ఇంటాయనకి వాసన తెలియడం మానేసరికి ఆయన మీట పెంచుతాడు. బయటినుంచి వచ్చినవాడికి తలనొప్పి పడుతుంది. పద్యంలో కర్త ఒకడు, అనుభవించేవాడు మరొకడు. అలంకారశాస్త్రంలో దీన్ని అసంగతి అంటారు, ఇంట్లో మర్యాద అంటారు.

శుక్రవారాలు దుకాణాల ముందుకొచ్చి సాంబ్రాణి పొగవేసి, నెమలీకల కట్టతో విసిరి, చిల్లర పుచ్చుకుని పోయే ఫకీరు ఏనాడూ “ఆంబియన్స్” అనలేదు. ఆ పొగ ఊపిరితిత్తులకి మంచిదని నేననను. కానీ ఆయన వెళ్లిపోయేవాడు. ఈ బుడ్డి వెళ్లదు.

ఒక పళ్లడాక్టరు గారి వెయిటింగ్ హాల్లో ఇలాంటిది పెద్దసైజుది ఏసీ గొట్టానికే తగిలించారు. కిటికీలు బిగించారు. పక్క కుర్చీలో ఉబ్బసం ఉన్న పెద్దావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని గంటసేపు కూర్చుంది. ఆపమని అడిగితే రిసెప్షన్‌లో అమ్మాయి “నేచురలే అండీ” అంది. నేచురల్ కాదని ఎవరన్నారు? నిమ్మ, నారింజ నూనెల్లో ఉండే లిమొనీన్ నేచురలే. గాలిలోని ఓజోన్‌తో కలిస్తే అది ఫార్మాల్డిహైడ్‌నీ అతిసూక్ష్మ రేణువుల్నీ పుట్టించడమూ నేచురలే. పిల్లి కాలేయం ఈ నూనెల్లో కొన్నిటిని విరగ్గొట్టలేక, టీట్రీ నూనె దానికి విషం కావడమూ నేచురలే. నీళ్లు కలపని నూనె నేరుగా గాల్లోకి చిమ్ముతున్నప్పుడు మోతాదు కూడా ఎక్కువే, తుంపర పడి టీవీ తెర జిడ్డు కట్టడమే అందుకు సాక్ష్యం. టీవీకి గుడ్డ ఉంది. ఆవిడ ఊపిరితిత్తులు తుడిచేవాళ్లెవరు?

నాలుగో పాదం

ఒక కిలో గులాబీ తైలం తియ్యాలంటే మూడు నాలుగు టన్నుల రేకులు కావాలి. మరి “ప్యూర్ రోజ్” అని రాసిన సీసా నిమ్మనూనె ధరకే దొరుకుతోందంటే అందులో గులాబీ ఎంతో, ప్రయోగశాల ఎంతో అడగవద్దా? సీసా తిప్పి చూశాను. “ఫ్రేగ్రెన్స్” అని ఒక్క ముక్క ఉంది. చాలా సీసాల మీద అంతే ఉంటుంది. యూరప్‌లో ముఖానికి రాసుకునే క్రీముమీదైనా లిమొనీన్, లినలూల్ లాంటివి పరిమితి దాటితే పేరుపేరునా అచ్చువెయ్యాలి. ఇక్కడ రోజంతా పీల్చేదానికి పేరు లేదు. మూలం లేకుండా రాయనన్నాడు మల్లినాథుడు. ఈ డబ్బాలో టీకే తప్ప మూలం లేదు.

వరాహమిహిరుడు పదహారు ద్రవ్యాలూ పేర్లతో చెప్పాడు, పాళ్లు చెప్పాడు, ఎన్ని రకాలవుతాయో లెక్కకట్టి ఇచ్చాడు. ధనియాలు కలిపానని దాచుకోలేదు.

తాత్పర్యం: నీరు లేదు, నిప్పు లేదు అని లేనివి చెప్పింది చాలు. ఉన్నవేమిటో సీసామీద చదవగలిగే అక్షరాల్లో వెయ్యమని దుకాణంలో అడగండి. వేసేదాకా కొనకండి.